అద్దంలో సగం చార్మినార్
కంప్యూటర్ నమూనాల్లో తల్లి బాడీ, ప్రతిబింబం

అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తితే అద్దంలోని మనిషి ఎడమచెయ్యి ఎత్తుతాడు. మనం తల దువ్వుకుంటే అతనూ దువ్వుకుంటాడు. మనం పక్కకు తప్పుకుంటే అతను మాయమైపోతాడు. అద్దంలోకి చెయ్యి పెట్టి అతని పాపిడి ఒక్కటే మార్చడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే ఈ వ్యాసం సగం అర్థమైనట్లే!

మక్కా, జిద్దా చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో కట్టడాల పనుల్లో, ఏసీ డక్టుల పనుల్లో, ఇనుప ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఉన్నవారు చాలామంది. పిల్లలేమో స్కూల్లో త్రీడీ ప్రింటర్లు, రోబో పోటీలు అంటున్నారు. తండ్రి చేతిలో ఉన్న డ్రాయింగుకీ, పిల్లవాడి కంప్యూటర్ తెర మీద ఉన్న బొమ్మకీ వెనుక ఉన్న విద్య ఒక్కటే. దాని పేరు క్యాడ్. అందులో ఒక చిన్న విషయాన్ని, అంటే ఒక వస్తువుకు అద్దంలో ప్రతిబింబం తీయడాన్ని, ఆ రెంటి మధ్య బంధాన్ని జాగ్రత్తగా నిలుపుకోవడాన్ని ఇక్కడ వివరించడానికి ప్రయత్నిస్తాను.

పారామెట్రిక్ అంటే ఏమిటి?

మేము ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదటి సంవత్సరం డ్రాయింగు క్లాసుకు మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళం. ముందు మధ్యగీత గీయాలి. కుడివైపు సగం గీసి, డివైడరుతో కొలతలు ఎత్తుకుని ఎడమవైపు దించాలి. అంతా అయ్యాక మాస్టారు "ఈ కొలత 40 కాదు, 45" అంటే రెండు పక్కలా రబ్బరు పెట్టి చెరపాల్సిందే.

ఈ బాధ తీర్చే ఆలోచన చాలా పాతది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేశాడు. అందులో ఒక మూల చిత్రం గీసి, దాని నకళ్ళు ఎన్నయినా పెట్టుకోవచ్చు. మూల చిత్రాన్ని మారిస్తే నకళ్ళన్నీ వాటంతట అవే మారేవి. తరువాత 1988లో ప్రో ఇంజనీర్, 1995లో సాలిడ్‌వర్క్స్ అనే ప్రోగ్రాములు వచ్చాక ఈ పద్ధతి పరిశ్రమల్లోకి బాగా వ్యాపించింది.

పారామెట్రిక్ నమూనాలో కొలత అంటే కాగితం మీద రాసిన అంకె కాదు, పేరున్న ఒక విలువ. ఉదాహరణకు "పక్క = 100" అని ఒకచోట రాసి, మిగతా చోట్ల "పక్కలో సగం", "పక్కలో పదోవంతు" అని వాడతాం. రేపు 100ని 120 చేస్తే బొమ్మ మొత్తం తనంతట తానే సర్దుకుంటుంది.

ఇది పులిహోర చేసే క్రమం లాంటిది

ఇలాంటి ప్రోగ్రాములో తెర పక్కన ఒక చెట్టులాంటి జాబితా కనిపిస్తుంది. మనం చేసిన ప్రతి పనీ వరుసగా అందులో ఉంటుంది. స్కెచ్ గీశాం, దాన్ని దిమ్మెగా పైకి లేపాం, రంధ్రం చేశాం, అంచు గుండ్రం చేశాం, ఇలాగన్నమాట. ఒక్కొక్క పనిని ఫీచర్ అంటారు. ఇవన్నీ కలిసి తయారైన గట్టి ముద్దను బాడీ అంటారు.

పులిహోర చేసేటప్పుడు అన్నం వండి, పులుసు కలిపి, తాలింపు పెడతాం. అన్నం రెండు గిన్నెల్లోకి తీశాక ఒక గిన్నెలో మాత్రమే తాలింపు వేస్తే రెండో గిన్నెకు ఆ రుచి రాదు. క్యాడ్‌లోనూ అంతే. జాబితాలో "ప్రతిబింబం" అనే మెట్టుకు ముందు చేసిన పనులన్నీ రెండు పక్కలా వస్తాయి. దాని తరువాత చేసిన పని ఒక పక్కనే ఉంటుంది. "నేను రంధ్రం చేశాను, అవతల ఎందుకు రాలేదు?" అని పిల్లలు అడిగితే చాలాసార్లు జవాబు ఇదే. జాబితా చివర ఉండే గీతను ప్రతిబింబం మెట్టుకు పైకి జరిపి, అక్కడ రంధ్రం చేసి, గీతను మళ్ళీ కిందికి దించితే రెండు పక్కలా వస్తుంది.

తల్లి, బిడ్డ అనే మాటలు కూడా ఇక్కడివే. రంధ్రం దిమ్మె మీద ఉంది కాబట్టి దిమ్మె తల్లి, రంధ్రం బిడ్డ. ప్రతిబింబం తీసినప్పుడు మొదటి బాడీ తల్లి, అద్దంలోది బిడ్డ. తల్లిని తొలగిస్తే బిడ్డకు ఆధారం పోయి ఎర్రగుర్తు వస్తుంది. అందుకే దేన్నయినా తీసేసే ముందు దాని మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో చూసుకోవాలి. సాలిడ్‌వర్క్స్ లాంటి ప్రోగ్రాములు ఆ బంధుత్వాల జాబితా చూపిస్తాయి కూడా. తల్లి బాడీ తెర మీద అడ్డంగా ఉంటే దాచిపెట్టండి, తొలగించకండి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ప్రతిబింబం అంటే కాపీ కొట్టి అతికించడం కాదు. "అక్కడ ఉన్నదాన్ని చూసి, దాన్ని తిరగేసి ఇక్కడ చూపించు" అని రాసిన ఒక ఆజ్ఞ.

చార్మినార్ గీద్దాం రండి

గత సంవత్సరం మన బడి పెద్ద పిల్లలు చార్మినార్ చిన్న నమూనాను కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింటర్ మీద అచ్చు తీశారు. ఈ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1591లో కట్టిన చార్మినార్ ఒక్కొక్క పక్క సుమారు 20 మీటర్లు. 200వ వంతు చేస్తే 100 మిల్లీమీటర్లు, అరచేతిలో ఒదిగే సైజు.

నాలుగు మినార్లు, నాలుగు పెద్ద కమానులు. అన్నీ గీయాలా? అక్కరలేదు. చతురస్రాన్ని మధ్యలో నిలువుగా, అడ్డంగా కోస్తే నాలుగు పావులు. ఒక్కొక్క పావులో ఒక మినార్, రెండు సగం కమానులు ఉంటాయి. ఆ పావు ఒక్కటీ గీసి, ఒకసారి అద్దంలో తీస్తే సగం కట్టడం, ఇంకోసారి తీస్తే పూర్తి కట్టడం. కమాను వంపు మార్చాలంటే ఒక్కచోట మారిస్తే నాలుగు పక్కలా మారుతుంది.

పిల్లలు ఈ పని చేస్తున్నప్పుడు మూడు విషయాలు బయటపడ్డాయి. మూడూ అందరికీ పనికొచ్చేవే.

మొదటిది అద్దం ఎక్కడ పెట్టాలన్నది. ప్రతి నమూనాకూ మధ్యలో మూడు ఆధార తలాలు పుట్టుకతోనే ఉంటాయి. అద్దం ఎప్పుడూ వాటి మీదే పెట్టడం మంచిది. అలా కాకుండా గోడ ముఖాన్నే అద్దంగా ఎంచుకుంటే ఆ గోడ జరిగినప్పుడల్లా అద్దం జరుగుతుంది. అద్దం 1 మిల్లీమీటరు జరిగితే ప్రతిబింబం 2 మిల్లీమీటర్లు జరుగుతుంది! అద్దం వెనక్కి నెట్టి చూడండి, మీకూ అర్థమవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రోగ్రాము లోలోపల ముఖాలకు "ముఖం 6", "ముఖం 7" అని అంకెలు వేసుకుంటుంది. తల్లికి కొత్త రంధ్రం పెడితే ఆ అంకెలు మారిపోయి, అద్దం మరో ముఖానికి వెళ్ళి అతుక్కోవచ్చు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో ఇది చాలా ఏళ్ళు పెద్ద తలనొప్పిగా ఉండేది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు సరిచేశారు. అయినా ఆధార తలాలను నమ్ముకోవడమే క్షేమం.

రెండవది సందు. సగం బొమ్మ అద్దానికి సరిగ్గా ఆనుకుని ఉండాలి. ఒక జట్టు పిల్లల బొమ్మ అద్దానికి 1 మిల్లీమీటరు దూరంలో మొదలైంది. తెర మీద అంతా బాగానే కనిపించింది. బాడీల జాబితా తెరిచి చూస్తే మాత్రం ఒకటి ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. అలాగే ప్రింటు చేస్తే చార్మినార్ రెండు ముక్కలై చేతిలోకి వచ్చేది. కాబట్టి ప్రతిబింబం తీశాక "కలిపెయ్" అనే గడిలో గుర్తు పెట్టడమే కాదు, జాబితాలో ఎన్ని బాడీలు ఉన్నాయో లెక్కపెట్టి చూడాలి.

మూడవది అన్నింటికన్నా తమాషా అయినది. ఇంకో జట్టు వారు పావు బొమ్మ మీదే, పీఠం దగ్గర "తెలుగు బడి" అని చెక్కారు. రెండుసార్లు అద్దం వేశాక చూస్తే రెండు మూలల్లో అక్షరాలు సరిగా ఉన్నాయి, రెండు మూలల్లో తిరగబడ్డాయి! ఎందుకు? ఒకసారి అద్దంలో చూస్తే అక్షరం తిరగబడుతుంది. ఆ తిరగబడిన దాన్ని మళ్ళీ అద్దంలో చూస్తే సరి అవుతుంది. అందుకే ఎదురెదురు మూలల్లో ఉన్నవి ఒకేలా వచ్చాయి.

అద్దం పనికిరాని చోటు

ఆ అక్షరాల నుండి ఒక ముఖ్యమైన సూత్రం నేర్చుకోవచ్చు. కొన్ని వస్తువులకు కుడి ఎడమల తేడా ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గోళీకి లేదు. చెప్పుకు ఉంది. అక్షరాలకు, గడియారాలకు, మరమేకులకు ఉంది.

చార్మినార్ నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టారు. నమూనాలో ఒక గడియారం గీసి అద్దంలో తీస్తే 3 ఉండాల్సిన చోట 9 వస్తుంది, ముల్లు వెనక్కి నడుస్తుంది. ఇక్కడ కావలసింది అద్దం కాదు, చుట్టూ తిప్పడం. వృత్తాకార ప్యాటర్న్ అనే ఆజ్ఞతో ఒకే గడియారాన్ని 90 డిగ్రీల చొప్పున నాలుగు సార్లు తిప్పి పెట్టాలి. తిప్పినప్పుడు కుడి కుడిగానే ఉంటుంది, ఎడమ ఎడమగానే ఉంటుంది.

ఇక్కడ మక్కాలో పిల్లలు రోజూ చూసే గడియారపు గోపురం కూడా అలాంటిదే. 2012లో పూర్తయిన ఆ 601 మీటర్ల గోపురానికి నాలుగు ముఖాల గడియారం ఉంది. ఒక్కొక్క ముఖం అడ్డుకొలత సుమారు 43 మీటర్లు. దాని మీద అరబ్బీ అక్షరాలూ ఉన్నాయి. అలాంటి గోపురాన్ని కంప్యూటర్‌లో గీసేవారు గోడలను అద్దంలో తీసుకోవచ్చు గానీ, గడియారాన్నీ అక్షరాలనూ అద్దంలో తీయడానికి వీల్లేదు.

మెట్ల విషయమూ అంతే. చార్మినార్‌లో పైకి వెళ్ళడానికి 149 మెట్లు మెలికలు తిరుగుతూ ఉంటాయి. పావు బొమ్మలో మెలిక మెట్లు గీసి రెండుసార్లు అద్దం వేస్తే రెండు మినార్లలో కుడికి, రెండింటిలో ఎడమకు తిరుగుతాయి. అది కావాలో వద్దో ముందే ఆలోచించుకోవాలి. మరమేకు అయితే ఆలోచనే అక్కరలేదు. అద్దంలో తీసిన మరమేకు ఎడమ మర అయిపోతుంది, మామూలు నట్టు దానికి ఎక్కదు.

ఒక పక్క మాత్రమే మార్చాలంటే

చార్మినార్ పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. తూర్పు వైపు లేదు. అంటే కట్టడం పూర్తిగా సమానం కాదు. దీన్ని పావు బొమ్మలో పెడితే నాలుగు మూలలా వచ్చేస్తుంది. కాబట్టి రెండు ప్రతిబింబాలూ పూర్తయ్యాక, జాబితాలో వాటి కింద, పడమర వైపు విడిగా కలపాలి. తేడాలు ఒకటి రెండు ఉన్నప్పుడు ఇదే సరైన దారి.

తేడాలు పదీ పదిహేను ఉంటే? అప్పుడు ప్రతిబింబానికి తల్లితో ఉన్న బంధం తెంచి, దాన్ని స్వతంత్ర బాడీగా చేసుకోవచ్చు. చాలా ప్రోగ్రాముల్లో దీనికి ఒక మీట ఉంటుంది. కానీ దీనికి ఖరీదు ఉంది. ఆ తరువాత తల్లిలో ఏ మార్పు చేసినా అవతల కూడా చేతితో చేయాలి. ఇద్దరు మనుషులు, ఆరు నెలలు, పది మార్పులు అయ్యాక ఏదో ఒకటి మరిచిపోవడం ఖాయం. మధ్యేమార్గం ఏమిటంటే, రెండు బాడీలనూ విడివిడిగా ఉంచి ముఖ్యమైన కొలతలను మాత్రం ఒకే పట్టికలో పెట్టి ఇద్దరూ అక్కడి నుండే తీసుకునేలా చేయడం. ఇళ్ళు వేరైనా ఊరి బావి ఒక్కటే అన్నట్లు.

ప్రతిబింబాన్ని తెంచకుండానే దాని మీద నేరుగా మార్పు చేయవచ్చా అని పిల్లలు అడుగుతారు. దాని మీద కొత్త ఫీచర్ కలపవచ్చు. దాని ఆకారాన్ని మాత్రం తల్లిలోనే మార్చాలి. అద్దంలోని మనిషి పాపిడి మార్చాలంటే మన పాపిడి మార్చుకోవాల్సిందే కదా!

జిద్దా హజ్ టెర్మినల్

హైదరాబాదు నుండి హజ్ యాత్రకు వచ్చిన మన బంధుమిత్రుల్లో ఎందరో జిద్దాలోని హజ్ టెర్మినల్ నీడలో దిగినవారే. 1981లో ప్రారంభమైన ఆ తెల్లని గుడారాల పైకప్పు ఈ పాఠానికి పెద్ద రూపం. అక్కడ మూల వస్తువు ఒకే ఒక్క గుడారం, 45 మీటర్ల చదరం. అలాంటివి 21 కలిస్తే ఒక భాగం. 5 భాగాలు కలిస్తే ఒక సగం. అలాంటి రెండు సగాలు మధ్యలో దారికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్నాయి. మొత్తం 210 గుడారాలు!

స్కిడ్‌మోర్ ఓయింగ్స్ అండ్ మెరిల్ అనే అమెరికా సంస్థ దీన్ని రూపొందించింది. దాని ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. షికాగోలోని సియర్స్ టవర్ నిర్మాణ పద్ధతి కూడా ఆయనదే. 1982లో ఆయన జిద్దాకు వచ్చినప్పుడు ఇక్కడే మరణించారు. మరుసటి సంవత్సరం ఈ టెర్మినల్‌కు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

అది కట్టేనాటికి నేటి పారామెట్రిక్ ప్రోగ్రాములు లేవు. ఆలోచన మాత్రం ఉంది. ఒక గుడారాన్ని సరిగా చేస్తే మిగతా 209 సరిగా ఉంటాయి. తప్పు చేస్తే అది 210 చోట్ల కనబడుతుంది. ఇంకో సంగతి కూడా గమనించదగ్గది. లోపలి గుడారాలకు ఒంటి స్తంభాలు చాలు. అంచుల్లో లాగే బలం ఒకే వైపు ఉంటుంది కాబట్టి అక్కడ జంట స్తంభాలు, మూలల్లో నాలుగేసి స్తంభాల గుంపులు పెట్టారు. నకళ్ళు ఎన్ని తీసినా అంచులను విడిగా ఆలోచించాలి.

బరువు మోసేది ఎవరు?

ఇదంతా తెర మీద ఆట కాదు. ఒక ఇనుప బ్రాకెట్‌కు కుడి, ఎడమ రకాలు 50 చొప్పున కావాలనుకోండి. డ్రాయింగు మీద ఒకటే గీసి "రెండోది దీనికి ఎదురుచెయ్యి" అని రాయడం వాడుక. ఆ మాట రాయడం మరిచిపోతే షాపులో వంద కుడి బ్రాకెట్లు తయారవుతాయి. తప్పు ఏసీ గదిలో కూర్చున్నవాడిది. ఎండలో మళ్ళీ కోసి, వంచి, వెల్డింగ్ చేసేది మాత్రం మన కరీంనగర్ అన్నో, కడప తమ్ముడో. అందుకే ప్రతిబింబానికి కూడా సొంత పేరు, సొంత నంబరు ఇవ్వాలి.

దీనికి ఒక చిన్న వెసులుబాటు ఉంది. వంపులు లేని చదును రేకు అయితే బోర్లా తిప్పితే అదే ఎదురుచెయ్యి అవుతుంది. రెండో రకం అక్కరలేదు. రేకును వంచినా, మరమేకు తల ఒదగడానికి రంధ్రాన్ని ఒక ముఖాన వెడల్పు చేసినా తిప్పితే కుదరకపోవచ్చు. అప్పుడు రెండు రకాలూ కావాలి. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఉన్న మనవాళ్ళకు ఇది తెలిసిన విషయమే. పిల్లలు వాళ్ళని అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

వైద్యంలోనూ ఈ విద్య పనికొస్తోంది. ప్రమాదంలో ముఖం ఎముక ఒక పక్క విరిగిపోయినవారికి సీటీ స్కాన్ తీసి, బాగున్న పక్కను కంప్యూటర్‌లో అద్దం వేసి, దాన్ని బట్టి దెబ్బతిన్న పక్కకు అమర్చే పలకను రూపొందిస్తారు. ఎవరి ముఖమూ రెండు పక్కలా అచ్చంగా ఒకేలా ఉండదు. కాబట్టి ప్రతిబింబంతో మొదలుపెట్టి, ఆ మనిషి ఎముక అంచులకు సరిపోయేలా తరువాత దిద్దుతారు. ముందు అద్దం, తరువాత తేడా. చార్మినార్ మసీదు విషయంలో చెప్పుకున్న క్రమమే ఇది.

గుర్తుంచుకోవలసినవి

1. సగం గీసే ముందు అద్దం ఎక్కడో నిర్ణయించుకోండి. ఆధార తలాన్నే వాడండి.
2. రెండు పక్కలా కావలసినవి ప్రతిబింబానికి ముందు, ఒక పక్కకే కావలసినవి తరువాత చేయండి.
3. మార్పు ఎప్పుడూ తల్లిలో చేయండి.
4. తల్లిని దాచవచ్చు, తొలగించకూడదు.
5. ప్రతిబింబం తీశాక బాడీలు లెక్కపెట్టండి.
6. అక్షరాలు, గడియారాలు, మరలు అద్దంలో తీయవద్దు. తిప్పి పెట్టండి.
7. బాడీలకు "బాడీ 1", "బాడీ 2" అని వదిలేయకుండా "కుడి తలుపు", "ఎడమ తలుపు" అని పేర్లు పెట్టండి.
8. బంధం తెంచే ముందు ఫైలుకు ఒక నకలు దాచుకోండి.

పిల్లలకు ఒక పని

సెలవుల్లో ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్రీక్యాడ్ పెట్టుకుని మీ అమ్మ వేసే చుక్కల ముగ్గునో, పండుగకు చేతికి పెట్టుకునే గోరింటాకు డిజైనునో గీయడానికి ప్రయత్నించండి. దానిలో అద్దం ఎన్నిచోట్ల పెట్టవచ్చో, తిప్పితే ఎక్కడ సరిపోతుందో ముందు కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చిన్నపిల్లలు టింకర్‌క్యాడ్ వాడవచ్చు. కానీ అందులో అద్దం మీట వస్తువునే తిరగేస్తుంది. తల్లీ ప్రతిబింబాల బంధం ఉండదు. అందుకని ముందు నకలు తీసి, ఆ నకలును తిరగేయాలి.

కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. తెలుగు వర్ణమాల పుస్తకం పక్కన చిన్న అద్దం నిలబెట్టి, అద్దంలో మారకుండా ఉండే అక్షరాలు ఎన్నో వెతకండి. సున్న మారదని నేను చెప్పేస్తున్నాను. మిగతావి కనిపెట్టి, వచ్చే వారం క్లాసులో మీ టీచరుకు చూపించండి.

ఇక పెద్దలకు ఒక్క మాట. పిల్లలు మనకు అచ్చుగుద్దినట్టు ప్రతిబింబాలు కావాలని మనం అనుకోవడం సహజం. కానీ వాళ్ళు ఇక్కడ పుట్టారు, ఇక్కడ పెరుగుతున్నారు. వాళ్ళ నమూనాలో మనకు తెలియని ఫీచర్లు చాలా ఉంటాయి. అవి మన తరువాత కలిసినవి, ఉండనివ్వాలి. భాష లాంటి కొన్ని కొలతలు మాత్రం ఇద్దరం ఒకే పట్టిక నుండి తీసుకుంటే చాలు. వారం వారం పిల్లలను ఈ బడికి తీసుకువస్తున్నది అందుకే కదా!